మూడు మిల్లీమీటర్ల తేడా

పది నిమిషాలు పనిచేసి ఆరిపోయే పాత కంప్యూటర్ నిజంగా పనికిరానిదేనా? ‘కొత్తది కొనుక్కోండి’ అనే మాటకు ముందు చూడాల్సిన చిన్న వస్తువు ఒకటుంది. శాంతిపురం నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

శాంతిపురంలో పొద్దున పదిన్నర. పలమనేరు నుంచి కుప్పం పోయే బస్సు అప్పుడే జనాన్ని దించి కదిలింది. కంప్యూటర్ రిపేరు అంగడి ముందు ఒక ఎక్సెల్ బండి వచ్చి ఆగింది. వెనక కూర్చున్న అమ్మాయి ఒళ్లో పాత దుప్పటి చుట్టిన సీపీయూ పెట్టె. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా గట్టిగా ఒడిసిపట్టుకున్నట్టుంది, అరచేతులు కందిపోయి ఉన్నాయి.

దుప్పటి విప్పుతూనే తండ్రి అన్నాడు: ‘‘ఏమప్పా, దీన్ని రవంత చూడు. ఆన్ చేసిన పది నిమిషాలకే ఆరిపోతా ఉంది. బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తదానికి యాడ తెచ్చేది దుడ్లు?’’

ఆయనకు మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. అమ్మాయి కుప్పంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. మూడేళ్ల కిందట బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్స్‌లో కొన్న సిస్టం అది. లోపల ఇంటెల్ ఐ3 రెండో తరం ప్రాసెసర్. అమ్మాయి ప్రోగ్రాములు రాసుకునేది, తమ్ముడు పాఠాలు చూసేది, సాయంత్రం పూట వీధిలోవాళ్లు వచ్చి దరఖాస్తులు నింపించుకునేది అంతా దాని మీదే.

మెకానిక్ పక్క రేకు తీసి ఆన్ చేశాడు. తెర మీద వేడి అంకె తొంభై దాటి పరుగెత్తింది. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. ముందు చూసినవాళ్లు దాన్ని అనుమానించకపోవడానికి అదే కారణం. ఆయన ఆఫ్ చేసి, ప్రాసెసర్ మీది కూలర్‌ను ఒక మూల వేలితో నొక్కాడు. కిందికి దిగింది. వేలు తీస్తే పైకి లేచింది. నాలుగు మూలలా ఉండే ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి విరిగిపోయింది. పైన ఫ్యాన్ గాలి కొడుతూనే ఉంది గానీ, దాని కింది అల్యూమినియం దిమ్మె ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనడమే లేదు.

బల్ల సొరుగు లాగాడు. అందులో పాత కూలర్లు ఇరవైకి పైనే ఉన్నాయి. ఒకటి తీసి పెట్టబోయాడు. చూడ్డానికి అచ్చం అలాంటిదే. అదే గుండ్రటి దిమ్మె, అవే నల్లటి పిన్నులు. కానీ రంధ్రాల్లోకి దిగలేదు. ‘‘ఇది కోర్ 2 డ్యుయోది. మూడు మిల్లీమీటర్లు తక్కువ’’ అని పక్కన పెట్టి, ఇంకొకటి వెతకసాగాడు.

ఆ మూడు మిల్లీమీటర్ల సంగతి తెలిసిన మనిషి దొరకడం, దొరక్కపోవడం మీదే ఆ ఇంట్లో కంప్యూటర్ ఉంటుందా, ఉండదా అన్నది తేలిపోతుంది. ఈ కథనం చెప్పదలచుకున్నది ఆ తెలివిడి గురించే.

ఇప్పుడెందుకీ మాట?

పాత సిస్టాల గురించి ఇప్పుడు ఇంటింటా మాట నడుస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా గడువిచ్చింది. విండోస్ 11 ఎక్కించాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని షరతు. మన ఊళ్లలో సెకండ్స్‌లో తిరిగే రెండు, మూడు, నాలుగో తరం సిస్టాలన్నీ ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి.

కొత్తది కొందామంటే, అదే ఏడాది చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోవడమే ఇందుకు ముఖ్య కారణం. క్రూషియల్ పేరుతో ఇళ్లకు ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది.

విండోస్ 10 గడువు తీరిన ఆ అక్టోబరు 14నే ఇంకో కబురూ వచ్చింది. విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా సెంటర్ కడతామని గూగుల్ ప్రకటించింది. సామర్థ్యం గిగావాట్ లెక్కల్లో. ఒక గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 65 వాట్ల మన పాత ప్రాసెసర్లతో కొలిస్తే ఒక గిగావాట్ అంటే కోటిన్నర ప్రాసెసర్ల వేడి. అంత వేడిని ఎలా చల్లారుస్తారు, నీళ్లెక్కడివి అని చర్చ జరుగుతోంది. జరగాల్సిందే. శాంతిపురం అంగడి బల్ల మీద ఉన్నదీ అదే ప్రశ్న. కొలతే చిన్నది.

ఈ నేలకు కంప్యూటర్ పాత చుట్టమే

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం, కుప్పం... ఒకే జాతీయ రహదారి మీద వరసగా తగులుతాయి. టమోటా లారీలు, పాల క్యాన్లు, పట్టుగూళ్ల మూటలు తిరిగే దారి ఇది. ఈ దారిలో కంప్యూటర్ కూడా చాలా ముందే దిగింది.

2002 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ కుప్పం ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. కుప్పం, గుడుపల్లె, రామకుప్పం, శాంతిపురం, వి.కోట మండలాలు దాని పరిధి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరాలు, సౌర విద్యుత్తుతో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. అప్పటికి చాలా పట్టణాల్లో కూడా లేని సంగతి అది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో కంప్యూటర్ ఈ పల్లెల్లోకి రెండో దారిలో వచ్చింది. బెంగళూరు ఆఫీసులు వాడి వదిలేసిన సిస్టాలు ఎస్పీ రోడ్డుకు చేరతాయి. అక్కణ్నుంచి రైలెక్కి కుప్పంలో దిగుతాయి. చెన్నై రిచీ స్ట్రీట్ సరుకుకూ ఇదే రైలు దారి. తెచ్చి ఇచ్చినవాళ్లు ఎక్కువమందే. బాగు చేసి నిలబెట్టేవాళ్లు మాత్రం మండలానికి ఒకరో ఇద్దరో. యంత్రం ఎంతకాలం బతుకుతుందన్నది ఆ ఒకరిద్దరి చేతుల్లో ఉంది.

గోరంత చోటు, బల్బంత వేడి

పాతకాలం 60 వాట్ల బల్బు గుర్తుందా? వెలుగుతున్నప్పుడు చెయ్యి పెట్టలేం. దాదాపు అంత వేడీ గోరంత సిలికాన్ ముక్కలో పుడుతుందనుకోండి, అదే ప్రాసెసర్. ఆ వేడిని పీల్చుకుని రేకుల్లోకి పరచడం దిమ్మె పని, రేకుల మీదినుంచి ఊడ్చుకుపోవడం గాలి పని. ప్రాసెసర్‌కూ దిమ్మెకూ మధ్య కంటికి కనిపించని గుంతలుంటాయి. వాటిలో గాలి ఉండిపోతే వేడి దాటదు. అందుకే బూడిదరంగు పేస్ట్ పూస్తారు. గాలికంటే అది ఎన్నో రెట్లు బాగా వేడిని దాటిస్తుంది.

ఈ సంగతి పట్టుపురుగులు పెంచే రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. పురుగు 24 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఆకు తింటుంది. ఎండాకాలం రైతులు గోనెపట్టాలు తడిపి కడతారు, షెడ్డు పైన ఆకులు పరుస్తారు, వేడి గాలి పోవడానికి పైన దారి వదులుతారు. ఆ దారి మూసుకుంటే ఎన్ని పట్టాలు తడిపినా లాభం లేదు. సీపీయూ పెట్టెకూ అదే లెక్క.

వేడి పెరిగితే ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది. నూరు డిగ్రీల దరిదాపుల్లో తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా ఎక్కితే కాలిపోకుండా కరెంటు కట్ చేసుకుంటుంది. ‘సిస్టం స్లో అయింది’ అని ఫార్మాట్ కొట్టించి, విండోస్ మళ్లీ ఎక్కించి, అయినా బాగుపడక విసిగిపోయినవాళ్లు ఎందరో. ఆ సిస్టాల్లో కొన్నింటి జబ్బు విండోస్‌లో లేదు, ఎండిపోయిన పేస్ట్‌లో ఉంది.

ఈ స్వయంరక్షణ మొదట్లో అన్ని ప్రాసెసర్లకూ ఉండేది కాదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల నుంచి కూలర్లు పీకి వీడియో తీశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి కాలిపోయింది. ఆ శాంతిపురం సిస్టం పదే పదే ఆరిపోవడం అంటే చచ్చిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

వేడే మార్చిన చరిత్ర

వేగం పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో వేడే చెప్పింది. 2004 నాటికి పెంటియం 4 ప్రాసెసర్లు నూరు వాట్లు దాటిపోయాయి. దాని తర్వాత తేవాలనుకున్న తేజాస్ అనే ప్రాసెసర్‌ను ఇంటెల్ ఆ ఏడాది మేలో రద్దు చేసుకుంది. అప్పటినుంచి ఒకే కోర్‌ను ఉరికించడం మాని, కోర్ల సంఖ్య పెంచే దారి పట్టింది. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్ల దగ్గర ఆగింది.

పాత కూలర్లు వాడుకునేవారికి ఈ చరిత్ర ఎంతో మేలు చేసింది. ఐ3-2120 వేడి 65 వాట్లు. ఐ3-3220 అయితే 55, ఐ3-4130 అయితే 54. అదే ఐ5-2400 అయితే 95 వాట్లు. అంటే ఒకప్పుడు ఐ5 కోసం ఇచ్చిన, నడుమ రాగి ముద్ద ఉన్న ఎత్తయిన కూలర్ ఇప్పుడు ఐ3 మీద పెడితే దానికి పని తేలిక. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది. పెద్దదాన్ని చిన్నదానికి వాడొచ్చు. పూర్తి అల్యూమినియంతో చేసిన పొట్టి కూలర్‌ను 95 వాట్ల ప్రాసెసర్ మీద పెడితే మాత్రం ఎండాకాలం మధ్యాహ్నాలు గండమే.

---

■ ఏది దేనికి కూర్చుంటుంది?

ఇంటెల్ బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ కూలర్ పిన్నుల రంధ్రాలు చదరంగా నాలుగు మూలలా ఉంటాయి. పక్కపక్క రంధ్రాల మధ్య దూరమే అసలు కొలత.

• 775 సాకెట్, 2004 నుంచి (పెంటియం 4, కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్): 72 మిల్లీమీటర్లు
• 1156, 1155, 1150, 1151, 1200 సాకెట్లు, 2009 నుంచి: అన్నిటికీ 75 మిల్లీమీటర్లు
• 1700 సాకెట్, 2021 నుంచి: 78 మిల్లీమీటర్లు

2009 నుంచి పదకొండేళ్లపాటు వచ్చిన ఈ ఐదు సాకెట్లలో ఒకదాని కూలర్ ఇంకొకదానికి కూర్చుంటుంది. వాట్లు మాత్రం చూసుకోవాలి.

ఏఎండీలో ఏఎం2, ఏఎం3, ఎఫ్ఎం2, ఏఎం4 బోర్డులకు రెండు పక్కలా ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. కొక్కేలకు క్లిప్‌తో బిగించే కూలర్లు వీటిలో దేనికైనా సరిపోతాయి. స్క్రూలతో బిగించేవి మాత్రం పాత బోర్డులకూ ఏఎం4కూ మధ్య కుదరవు. ఏఎం4లో రంధ్రాల దూరాలు మారాయి.

---

కొత్తదా? సొరుగులోదా?

కూలర్‌లో మూడు వస్తువులున్నాయి, మూడింటికీ వేర్వేరు ఆయుష్షు. అల్యూమినియం దిమ్మెకు వయసు లేదు. దుమ్ము కడిగితే పాతికేళ్ల కిందటిదైనా కొత్తదే. పేస్ట్ కొన్నేళ్లకు ఎండి బెరడు కడుతుంది. ఫ్యాన్ బేరింగ్ అరుగుతుంది, పిన్నుల ప్లాస్టిక్ పెళుసవుతుంది. కాబట్టి పాత కూలర్ కొనేటప్పుడు మెరుపు చూడనక్కర్లేదు. రెక్కను వేలితో తిప్పండి, తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. పిన్నుల చీలికలు విరగకుండా ఉన్నాయా చూడండి. దిమ్మె అడుగు చదునుగా, గీతలు లేకుండా ఉందా చూడండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే తీసుకోవచ్చు.

కొత్తది కొనాలనుకుంటే ఆశ పడాల్సింది పెద్దదానికి కాదు. వేడి గొట్టాలు, పన్నెండు సెంటీమీటర్ల ఫ్యాన్‌తో గోపురంలా నిలబడే కూలర్లు దాదాపు పదహారు సెంటీమీటర్ల ఎత్తుంటాయి. పాత సన్నపాటి పెట్టెకు రేకు మూసుకోదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు కూలర్ గాలి కిందికి కొడుతుంది. ఆ గాలే ప్రాసెసర్ చుట్టూ ఉండే కరెంటు సరఫరా భాగాలనూ చల్లబరుస్తుంది. చౌక బోర్డుల్లో వాటికి వేరే దిమ్మెలుండవు. గోపురం కూలర్ గాలి అడ్డంగా కొట్టి పోతుంది, వాటిని పట్టించుకోదు. 65 వాట్ల సిస్టానికి కిందికి గాలికొట్టే సాదా కూలరే సరైన జోడు.

ఆఫీసుల నుంచి వచ్చే బ్రాండెడ్ సిస్టాలతో మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్నింటికి కూలర్ స్క్రూలు పెట్టెకే బిగిస్తారు. ఫ్యాన్ వైరు కొస కూడా వేరే రకం. బయటి ఫ్యాన్ పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ లేదని మొరాయిస్తాయి. వీటికి అదే మోడల్ పాత సిస్టం నుంచి తీసిన కూలర్ వెతుక్కోవడం మేలు. మామూలు బోర్డులకు ఈ బెంగ లేదు. నాలుగు పిన్నుల చోట మూడు పిన్నుల ఫ్యాన్ వైరు కూడా కూర్చుంటుంది. వేగం సర్దుకోవడమే ఒక్కోసారి ఉండదు.

సొరుగు విలువ

ఆ మెకానిక్ సొరుగులో ఇరవై కూలర్లున్నాయంటే, ఇరవై సిస్టాలు ఆయన చేతుల్లో కన్ను మూశాయని అర్థం. బోర్డు నిజంగా కాలిపోయినవి, పిడుగుకు పోయినవి. వాటిని తుక్కుకు వేసేముందు కూలర్, ర్యామ్, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ విడదీసి దాచాడు. తూకానికి అమ్మితే ఆ కూలర్ అల్యూమినియం ధర పలుకుతుంది. ఇంకో సిస్టంలో పెడితే ఒక విద్యార్థికి రెండు మూడేళ్ల చదువు పలుకుతుంది.

ప్రపంచంలో 2022 ఒక్క ఏడాదిలోనే 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. మంచి అడుగులే. కానీ శాంతిపురం లాంటి చోట మరమ్మతు హక్కు అంటే విడిభాగాల సొరుగు, ఏ భాగం దేనికి సరిపోతుందో తెలిసిన మనిషి. ఆ తెలివిడి ఏ కాగితం మీదా రాసి లేదు. ఐటీఐలో, డిగ్రీ కాలేజీ ల్యాబులో ఒక పూట పాఠంగా చెబితే ఎన్ని ఇళ్లలో సిస్టాలు నిలుస్తాయో!

---

■ ఇంట్లో చేసుకునేవారికి

• కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.
• ఇంటెల్ పిన్నుల తలల మీద బాణం గుర్తుంటుంది. బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. బిగించేముందు నాలుగింటినీ వెనక్కి తిప్పి పెట్టుకోవాలి.
• బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి. టక్‌మని నాలుగు చప్పుళ్లు వినాలి. బోర్డు వెనక నాలుగు పిన్నుల కొసలూ కనిపించాలి.
• ఏఎండీ కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు గట్టిగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి కాళ్లు వంగుతాయి. కాసేపు సిస్టం నడిపి, కరెంటు తీసేసి, వెచ్చగా ఉండగానే అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.
• పాత పేస్ట్‌ను స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ కందిగింజంత చాలు. నడిమధ్యన పెడితే కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది.
• ఫ్యాన్ గరగరమంటే స్టిక్కర్ కింద కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు, గడ్డకట్టి జిగురవుతుంది.

---

జబ్బు వేరైతే?

ప్రతి పాత సిస్టాన్నీ కూలర్ బతికించదు. ఆన్ చేయగానే బయోస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి ప్రాసెసర్ వేడి ఎంతుందో చూడాలి. అంకె నిమిషనిమిషానికీ ఎక్కుతూ తొంభై దాటుతుంటే తప్పు కూలర్‌దే. నలభై, యాభై దగ్గర నిలకడగా ఉండి కూడా ఆరిపోతుంటే ఎస్ఎంపీఎస్‌ను, బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లను అనుమానించాలి. బోర్డే పోయి ఉంటే పాత సాకెట్‌కు కొత్త బోర్డు కోసం డబ్బు పోయకుండా, ఉన్న భాగాలు తీసి దాచుకోవడం తెలివైన పని.

వేడి సర్దుకున్నాక విండోస్ సంగతి. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ లాంటివి హాయిగా నడుస్తాయి, భద్రతా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. తెలుగులోనే కంప్యూటర్ నడవాలని పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్‌ను కూడా తెచ్చింది. చదువుకు, టైపింగుకు, దరఖాస్తులకు, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి పాత ఐ3 ఇంకా చాలినంత యంత్రం.

వెనకవైపు చెయ్యి పెట్టి...

అంగడిలో రెండో కూలర్ దొరికింది. ఐ5 నుంచి తీసింది, అడుగున రాగి ముద్ద. మెకానిక్ బ్రష్‌తో దుమ్ము దులిపాడు. పాత పేస్ట్ తుడిచాడు. కొత్తది చిన్న బొట్టు పెట్టాడు. తర్వాత కూలర్ అమ్మాయి చేతికిచ్చాడు. ‘‘నువ్వే నొక్కు మా. ఈ మూల, దాని ఎదురు మూల. శబ్దం వచ్చేదాకా.’’

ఆమె భయం భయంగా నొక్కింది. టక్. టక్. ఇంకో జత. టక్. నాలుగోది రాలేదు. ‘‘బోర్డు ఇరగదులే, నొక్కు’’ అన్నాడు. టక్.

సిస్టం ఆన్ అయింది. ఇందాక బయోస్‌లో తొంభై దాటి పరుగెత్తిన అంకె నలభై రెండు దగ్గర నిలబడింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. ఆ అంకెల లోకం తండ్రికి తెలియదు. ఆయన లేచి పెట్టె వెనక్కి వెళ్లి, గాలి వచ్చే జల్లెడ దగ్గర అరచెయ్యి పెట్టాడు. షెడ్డులో పొద్దునే పైదారి దగ్గర చెయ్యి పెట్టి చూసుకునే అలవాటది.

‘‘వేడి బయటికొస్తా ఉంది పాపా’’ అన్నాడు. ‘‘ఇంక బతుకుతాది.’’

మెకానిక్ ఇందాక పక్కన పెట్టిన కోర్ 2 డ్యుయో కూలర్ తీసుకుని, స్కెచ్ పెన్నుతో దాని మీద 72 అని రాసి, మళ్లీ సొరుగులో పెట్టాడు.